గొలుసు రంపపు ఇంజనుకు బలము పెంచుట ఎట్లు?



జామాయిలు, సుబాబులు, సరుగుడు మొదలగు తోటలు పెంచు సభ్యులకు గొలుసు రంపము నేడు గొడ్డలివలె నిత్యము కావలసిన పనిముట్టైనది. మన యూళ్లలో దీనినే చెట్టుకోత మిషను అందురు. ఇటీవల నేను పోయిన గ్రామములందు నన్ను పలుమారు అడిగిన ప్రశ్న యొకటి కలదు: “అయ్యా, సైలెన్సరు కోయించి, బోరు గీకించిన మిషనుకు బలము పెరుగునట గదా, నిజమేనా?”

నిజమే, కొంత పెరుగును. కాని ఆ బలమునకు మనము చెల్లించు వెల యెంత? ఆ వెల చెల్లింపకయే వచ్చు బలము మరియొక చోట దాగియున్నదా? ఈ రెండు ప్రశ్నలను గూడ అడుగక తప్పదు. ఈ పాఠము నాకు పుస్తకమువలన గాక నష్టమువలన వచ్చినది. కావున ముందుగా ఆ నష్టమునే చెప్పెదను.

యంత్రము చెడిన విధము

మా ప్రాంతమునందలి సంఘమొకటి సుబాబులు కోతకై 45 సి.సి. ఇంజను గల రంపము నొకదానిని కొని, సభ్యులకు అద్దెకిచ్చుచుండెను. కొన్ని వారములు గడచిన పిమ్మట దానిని నడుపు కుర్రవాడు “ఇది లాగుట లేదు, పొగయే గాని కోత లేదు” అని మొరపెట్టుకొనెను. కార్యదర్శి నా సలహా నడిగెను. సమీప పట్టణములో నెవరైన మెకానిక్కునకు చూపుడని నేనే చెప్పితిని. ఆ మెకానిక్కు సైలెన్సరు మూతిని వెడల్పు చేసి, లోని జల్లెడను తీసివైచి, పొగపోవు రంధ్రమును ఆకురాయితో గీకి యిచ్చెను. కార్బురేటరును మాత్రము ముట్టలేదు. ముట్టవలయునని నాకును తెలియదు.

రెండు దినములు ఆ యంత్రము చేసిన మ్రోత విని అందరును సంతోషించిరి. మూడవ దినము మిట్టమధ్యాహ్నమున ఒక పెద్ద మాను సగము తెగియుండగా ఇంజను కేక హెచ్చి, హెచ్చి, ఒక్కసారిగా ఆగిపోయెను. త్రాడు లాగిన కదలలేదు. సగము తెగిన మాను గాలికి ఊగుచుండెను. దాని నట్లు విడిచిపోవుటకు వీలులేక ఇద్దరు కూలీలు ప్రాణములకు తెగించి గొడ్డలితో పడగొట్టిరి. దైవవశమున ఎవరికిని దెబ్బ తగులలేదు. ఆ దినము నేనచ్చటనే యుంటిని. ఆ మాను పడిన చప్పుడు నా చెవులలో నింకను గలదు.

మరునాడు యంత్రమును గోనెసంచిలో వేసికొని హైదరాబాదు చేరితిని. 1933 వరకు రెసిడెన్సీ బజారని పేరొందిన సుల్తాన్ బజారు, జిల్లాల నుండి వచ్చు మావంటివారికి ఎరుకైన చోటు. 1901లో స్థాపింపబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయమును చూచుటకు పూర్వము వచ్చితినిగాని, రంపము మోసికొని వచ్చుట అదే మొదలు. తెలిసినవారు చెప్పిన గుర్తుల ప్రకారము బజారు వెనుకటి సందులో నొక వృద్ధ మెకానిక్కును కలిసికొంటిని.

ఆయన సిలిండరును విప్పి పిస్టనును నా చేతిలో నుంచెను. పొగపోవు వైపున దానిపై నిలువు గీరలు పడి, లోహము పూసినట్లు కరగి యుండెను. ప్లగ్గు మొన సున్నము రాచినట్లు తెల్లగా నుండెను. “సాబ్, ఇది పని చేసి చావలేదు, దాహముతో చచ్చింది” అని ఆయన చెప్పెను. పిమ్మట గొలుసును చూపుమనెను. నేను సంచి నుండి తీసి యిచ్చితిని. ఆయన ఒక పంటిని తన బొటనవ్రేలి గోటిపై నానించెను. పదునైన పన్ను గోటిని పట్టవలయును, అది జారిపోయెను. “రోగము గొలుసుకు, మందు ఇంజనుకా?” అని ఆయన నవ్వెను. నేను తల వంచుకొంటిని.

పిస్టను, సిలిండరు రెండును క్రొత్తవి వేయవలసి వచ్చెను. ఆ సొమ్ము సభ్యుల సొమ్ము. ఆయన చెప్పిన రెండు మాటలలోనే ఈ పాఠమంతయు నిమిడియున్నది. వానిని వివరించెదను.

దాహమన నేమి?

మన రంపపు ఇంజను రెండు స్ట్రోకుల జాతిది. ట్రాక్టరు ఇంజనులో క్రింద ఆయిలు తొట్టి యుండును. ఆయిలు వేరుగను, డీజిలు వేరుగను ప్రవహించును. రంపములో నట్టి తొట్టి లేదు. పెట్రోలులో మనము కలిపిన ఆయిలే పిస్టనుకును, రింగునకును, బేరింగులకును దిక్కు. పిస్టను పైకి పోవునపుడు కార్బురేటరు గుండ గాలియు, ఆయిలు కలిసిన పెట్రోలును దాని క్రింది గదిలోనికి వచ్చును. పిస్టను దిగునపుడు ఆ మిశ్రమము ప్రక్క దారులగుండ పైకి నెట్టబడును. అదే సమయమున కాలిన పొగ వేరొక రంధ్రముగుండ సైలెన్సరులోనికి పోవును.

కావున పెట్రోలు ఈ ఇంజనుకు మూడు విధముల నుపకరించుచున్నది. అది కాలి బలము నిచ్చును. ఆవిరియై వేడిని తగ్గించును. తనతో ఆయిలును మోసికొని వచ్చును. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైన మిశ్రమమును పలుచని మిశ్రమమందురు. మిశ్రమము పలుచనైనప్పుడు వేడి హెచ్చును, చల్లదనము తగ్గును, ఆయిలును తగ్గును. నిమిషమునకు 14,000 చుట్లు తిరుగు ఇంజనులో పిస్టను సెకనుకు 230 మార్లకు పైగా ఎక్కి దిగును. అట్టి వేగమున ఆయిలు తగ్గినచో చెడుటకు గంటలు పట్టదు, క్షణములు చాలును.

ఇందొక మోసము గలదు. మిశ్రమము కొంచెము పలుచనైనపుడు ఇంజను మునుపటికంటె చురుకుగా అరచును. వినువాడు బలము పెరిగినదని భ్రమపడును. మా యంత్రము రెండు దినములు పాడినపాట అదియే.

ముందు గొలుసు

ఈ రంపముల చరిత్రయు ఈ మాటనే చెప్పుచున్నది. జర్మనీ దేశమున ఆండ్రియాస్ స్టిల్ 1926లో విద్యుత్తుతో నడుచు గొలుసు రంపమును, 1929లో పెట్రోలుతో నడుచు దానిని చేసెను. ఇంజనులున్నను నాటి గొలుసులకు పాత చేతిరంపపు పళ్ల వంటి పళ్లే యుండెను. అవి త్వరగా మొద్దుబారెడివి. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున జోసెఫ్ కాక్స్ అను కలప పనివాడు, మ్రానును తొలుచు పురుగు తన దవడలతో కుడికి ఎడమకు చెక్కుకొని పోవుటను గమనించి, ఆ రీతిని పళ్లుగల గొలుసును 1947లో అమ్మకమునకు తెచ్చెను. నేడు మనము వాడు గొలుసులు దాని సంతతివే. అనగా ఇంజను జోలికి పోకయే, పంటి ఆకారము మార్చి, ఆయన కోతను మార్చివైచెను.

పరీక్ష సులభము. కోసినపుడు బియ్యపు గింజకంటె పెద్దవైన పెచ్చులు రాలినచో గొలుసు పదునుగా నున్నది. మెత్తని పొట్టు రాలినచో, లేక రంపమును మీరు బలముగ నొక్కవలసి వచ్చినచో, గొలుసు మొద్దుబారినది. ఒక ప్రక్కకే వంకరగా కోసినచో ఆ వైపు పళ్లు, ఈ వైపు పళ్లు సమానముగ లేవు.

గుండ్రని ఆకురాయిని గొలుసు కొలతకు తగినదిగా ఎన్నుకొనవలయును. చిన్న రంపముల సన్నగొలుసునకు 4.0 మిల్లీమీటర్లది, నడిమి రంపముల గొలుసునకు 4.8 మిల్లీమీటర్లది సాధారణముగ వాడుదురు; మీ గొలుసు పెట్టెమీద సరియైన కొలత వ్రాసియుండును. అనేక గొలుసులకు పదును కోణము 30 డిగ్రీలు. ఆకురాయిని లోపలి నుండి వెలుపలికి మాత్రమే త్రోయవలయును. ఒక్కొక్క పంటికి మూడు త్రోపులైన, అన్ని పళ్లకును మూడే. ప్రతి పంటికి ముందున్న చిన్న దిమ్మె, పన్ను ఎంత లోతు కొరుకవలయునో నిర్ణయించును. సామాన్యముగ అది పంటికంటె 0.65 మిల్లీమీటరు క్రిందుగా నుండవలయును. త్వరగా కోయునను నాశతో దానిని ఎక్కువగా అరగదీసినచో పళ్లు పట్టుకొని రంపము వెనుకకు, నడుపువాని ముఖముమీదికి ఎగురును. ఆ పని ఎన్నడును చేయకుడు.

ఒక్కొక్క ట్యాంకు పెట్రోలు అయిపోయినపుడెల్ల గొలుసునకు రెండు మూడు త్రోపుల పదును పెట్టు నలవాటు చేసికొన్న కుర్రవాడు, సైలెన్సరు కోయించినవానికంటె సాయంకాలమునకు ఎక్కువ కలప కోయును.

తరువాత గాలియు, పెట్రోలును

గాలి జల్లెడ రంపపు పొట్టుతో నిండిన ఇంజనుకు ఊపిరి ఆడదు. దానిని ప్రతిదినము దులిపి, అవసరమైనపుడు సబ్బునీటితో కడిగి ఆరబెట్టవలయును. సిలిండరు రెక్కల నడుమ నిండిన పొట్టును బ్రష్షుతో తీయవలయును. ఇంజనును చల్లబరచు గాలి ఆ దారినే పోవును.

ఆయిలు పాలు యంత్రపు పుస్తకములో చూచి నిర్ణయించుకొనుడు. 50కి 1 అని యున్నచో లీటరు పెట్రోలునకు 20 మిల్లీలీటర్లు, 5 లీటర్లకు 100 మిల్లీలీటర్లు. 25కి 1 అని యున్నచో దానికి రెట్టింపు. రెండు స్ట్రోకుల ఇంజనులకని చేసిన ఆయిలే పోయవలయును. ట్రాక్టరు ఆయిలు పనికిరాదు. సీసా మూతతో ఉజ్జాయింపుగ పోయువారిని నేను చూచితిని. కొలపాత్ర వెల, సిలిండరు వెల, రెంటిని పోల్చి చూచుకొనుడు.

నేటి పెట్రోలును గురించి యొక మాట. 2023 ఫిబ్రవరిలో మన దేశమున 20 వంతుల ఇథనాలు కలిసిన పెట్రోలు అమ్మకము మొదలై, 2025 నాటికి సర్వత్ర వ్యాపించినది. ఇథనాలులో ఆమ్లజని యుండుటచే, అదే కార్బురేటరు బిగింపుతో మిశ్రమము కొంత పలుచనగును. పాత పెట్రోలునకు బిగించిన రంపములను మరల సరిచూచుకొనవలయును. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. నీరు హెచ్చినచో అది పెట్రోలు నుండి విడి డబ్బా అడుగునకు దిగును. పాత రబ్బరు గొట్టములను, కార్బురేటరు పొరలను గట్టిపరచును. కావున కలిపిన పెట్రోలును నెలకుమించి నిలువ యుంచరాదు. పని లేని ఋతువున ట్యాంకును ఖాళీ చేసి, ఇంజనును అది ఆగిపోవువరకు నడిపి, పిమ్మట భద్రపరచవలయును. అనేక యంత్రముల పుస్తకములు 10 వంతుల ఇథనాలునకే అనుమతి నిచ్చుచున్నవి. కొనునపుడే ఈ సంగతి అడిగి తెలిసికొనుడు.

కార్బురేటరు మరలు

చాల రంపములకు మూడు మరలుండును. ఎల్ అను మర నెమ్మది నడకకు, హెచ్ అను మర పూర్తి వేగమునకు పెట్రోలును నియమించును. మూడవది ఊరక తిరుగు వేగమును నియమించును. ఎల్, హెచ్ మరలను గడియారపు ముల్లు దిశను త్రిప్పిన పెట్రోలు తగ్గును. వెనుకకు త్రిప్పిన హెచ్చును. క్రొత్తరకపు కొన్ని యంత్రములలో ఈ పని విద్యుత్ పరికరమే చేయును. వానికి ఈ మరలుండవు.

జల్లెడ శుభ్రపరచి, గొలుసు బిగించి, తాజా పెట్రోలు పోసి, ఇంజను వేడెక్కిన తరువాతనే మరలను ముట్టవలయును. ఇప్పుడున్న స్థితి ఎన్ని చుట్లో ముందుగా వ్రాసికొనుడు. ఎల్ మరను త్రిప్పి ఇంజను చక్కగ తిరుగు చోటు కనుగొని, అచ్చటినుండి కొంచెము వెనుకకు తీయుడు. మీట నొక్కగనే ఇంజను తడబడక లేవవలయును. పిమ్మట ఊరక తిరుగు వేగమును గొలుసు కదలనంతగా తగ్గించుడు. మీట విడిచినను గొలుసు తిరుగు రంపమును ఎవరి చేతికిని ఇయ్యరాదు.

హెచ్ మరను సరిచూచుటకు చెవియే సాధనము. కోత లేకుండ ఒకటి రెండు సెకనులు పూర్తి మీట నొక్కిన, శబ్దములో సన్నని గరగర వినవలయును. మ్రానులో దిగగనే ఆ గరగర పోయి శబ్దము తేటపడవలయును. కోత లేకుండగనే తేటగా కీచుమని అరచినచో మిశ్రమము పలుచనైనది. వెంటనే మరను చుట్టులో ఎనిమిదవ వంతు వెనుకకు త్రిప్పుడు. కొన్ని యంత్రములలో వేగము మితిమీరకుండ నిప్పురవ్వనే ఆపు ఏర్పాటుండును. ఆ తడబాటును గరగర యని పొరబడు ప్రమాదము కలదు. వేగమును కొలుచు మీటరు సంఘమునకొకటి యున్న ఈ పొరపాటు జరుగదు. పుస్తకములో వ్రాసిన గరిష్ఠ వేగమును మించరాదు.

సైలెన్సరు, రంధ్రములు, బిగువు

ఇంతవరకు చేసినను తృప్తి లేనివారు చేయించు మార్పులు మూడు.

మొదటిది సైలెన్సరు మూతిని పెంచుట. పొగ సులభముగ పోవుటచే ఇంజను ఎక్కువ గాలి పీల్చును. బలము కొంత పెరుగునది నిజమే. కాని హెచ్ మరను వెనుకకు త్రిప్పి పెట్రోలు హెచ్చింపకున్నచో మిశ్రమము పలుచనై, మా యంత్రపు గతియే పట్టును. మర తిరుగకుండ టోపీ బిగించియున్న కార్బురేటరులకు ఈ పని చేయించనే కూడదు. నిప్పురవ్వల నాపు జల్లెడను తీయుట మరియు తప్పు. వేసవిలో ఎండుటాకులపై పడిన ఒక రవ్వ తోటనంతయు కాల్చగలదు. శబ్దమును గూర్చి గూడ ఆలోచింపుడు. అమెరికాదేశపు వృత్త్యారోగ్య సంస్థ లెక్క ప్రకారము 85 డెసిబెళ్ల శబ్దమును దినమునకు 8 గంటలు భరింపవచ్చును. 100 డెసిబెళ్లనైన 15 నిమిషములే. గొలుసు రంపము ఏ మార్పు లేకయే 100 దాటును. చెవులకు కప్పులేని కుర్రవాని వినికిడిని మన అదనపు బలమునకు వెలగా కట్టరాదు.

రెండవది రంధ్రములను గీకుట. 1985 నుండి 1996 వరకు మన దేశమున తయారైన ఆర్.ఎక్స్. 100 మోటారు సైకిలును మీరెరుగుదురు. దాని 98 సి.సి. రెండు స్ట్రోకుల ఇంజనుకు కుర్రవారు ఈ పనినే చేయించుకొనిరి. పొగరంధ్రమును పైకి పెంచిన బలము అధిక వేగమునకు జరుగును. తక్కువ వేగపు లాగుడు తగ్గును. ఖాళీ రోడ్డుపై పందెమునకది చెల్లును. రంపమునకు కావలసినది మ్రానులో నొక్కినపుడు నిలుచు లాగుడు. మరియు రంధ్రము మితిమీరి వెడల్పైన పిస్టను రింగు దానిలో తగులుకొని విరుగును. మంచి రంపముల సిలిండరు లోపల పలుచని గట్టి పూత యుండును. ఆకురాయి జారి ఆ పూత లేచినచో సిలిండరు పనికిరాదు.

మూడవది సిలిండరు క్రింది గాస్కెట్టును తీసి బిగువు పెంచుట. పిస్టను తలకును, సిలిండరు కప్పునకును నడుమ సుమారు అర మిల్లీమీటరుకు తగ్గకుండ ఖాళీ యుండవలయును. ఎరిగిన పనివాడు ప్లగ్గు రంధ్రముగుండ సోల్డరు తీగను దూర్చి, ఇంజనును చేతితో త్రిప్పి, నలిగిన తీగ మందమును కొలిచి చూచును. కొలువక గాస్కెట్టు తీయువానికి మీ యంత్రము నీయకుడు. బిగువు పెరిగిన వేడియు పెరుగును. త్రాడు లాగుటయు కష్టమగును.

ఈ మూడింటిలో దేనిని చేయించినను కంపెనీ పూచీ పోవును. స్వంత యంత్రము గలవాడు తన సొమ్ముతో తన యిష్టము చేసికొనవచ్చును. సంఘపు యంత్రము పదిమందిది. రేపు దానిని పట్టువానికి మీరు చేసిన మార్పు తెలియదు. కావున సంఘపు రంపములకు ఈ మార్పులు చేయింపరాదని నా దృఢమైన అభిప్రాయము.

సంఘములకు సూచన

ప్రతి రంపముతో నొక చిన్న పుస్తకము నుంచుడు. పెట్రోలు కలిపిన తేదీ, ఆయిలు పాలు, మరల చుట్లు, గొలుసు పదును పెట్టిన దినము, నడిపినవాని పేరు అందులో వ్రాయుడు. “మిషను లాగుట లేదు” అని ఎవరైన వచ్చినపుడు ముందు గొలుసు, తరువాత గాలి జల్లెడ, పిమ్మట పెట్రోలు, చివరకు మరలు అను క్రమమున చూడుడు. మెకానిక్కు వద్దకు పోవుట ఆ నాలుగును చూచిన తరువాతి మాట.

మా ప్రాంతపు రంపము నేడు క్రొత్త సిలిండరుతో, జల్లెడ గల క్రొత్త సైలెన్సరుతో పనిచేయుచున్నది. కంపెనీ యిచ్చిన బలమునకు మించి దాని కేమియు చేర్చలేదు. దాని కుర్రవాని చొక్కా జేబులో ఇప్పుడొక గుండ్రని ఆకురాయి యుండును. మొన్న నేను పోయినపుడు ఆతడు మొద్దుపై కూర్చుండి పళ్లు లెక్కించుచు పదును పెట్టుచుండెను. “లాగుచున్నదా?” అని అడిగితిని. ఆతడు తల యెత్తక, క్రింద రాలిన పెచ్చులను కాలితో చూపెను.